మధ్యలో చేతికొచ్చిన క్యాంపెయిన్, మంచి ఐటమ్స్ అన్నీ ఒక్కడి దగ్గరే. లూట్ బ్యాలెన్స్ ఎలా?

కొత్త_కుర్చీ

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలుగా ఆడే డైస్ ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. ఇన్నాళ్లూ డీఎంగా (కథనీ మాన్‌స్టర్లనీ నడిపించేవాడు) ఉన్నతను ఇక తెర వెనక కూర్చోలేనని, ప్లేయర్‌గా ఆడతానని అన్నాడు, దాంతో క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) మధ్యలో నా చేతికొచ్చింది. పార్టీ మొత్తం ఆరో లెవెల్: ఫైటర్, రోగ్ (దొంగ), విజార్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (పూజారి), కొత్తగా చేరిన బార్డ్ (ఆ బార్డే మా పాత డీఎం). క్యారెక్టర్ షీట్లన్నీ అడిగి తీసుకుని చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది.

ఫైటర్ దగ్గర ఫ్లేమ్ టంగ్ లాంగ్‌స్వోర్డ్ (మంటల మ్యాజిక్ కత్తి), ప్లేట్ ఆర్మర్, +1 షీల్డ్, క్లోక్ ఆఫ్ ప్రొటెక్షన్ ఉన్నాయి. డిఫెన్స్ స్టైల్ కూడా కలిపితే ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 23. రోగ్ దగ్గర మ్యాజిక్ అని చెప్పుకోడానికి ఒక డ్రిఫ్ట్‌గ్లోబ్, వెలుగిచ్చే గోళం. విజార్డ్ దగ్గర రెండు స్క్రోల్స్ (ఒకసారి వాడితే అయిపోయే మంత్రాలు). క్లెరిక్ దగ్గర అదీ లేదు. హోర్డ్ టేబుల్ (దొరికిన నిధిలో ఏముందో చెప్పే పట్టిక) మీద డైస్ వేసి ఏది పడితే అది ఇచ్చారట. షీల్డ్ క్లెరిక్ కూడా వాడగలడు, కానీ "ముందు నిలబడేవాడికే ఇద్దాం" అని అందరూ అప్పట్లో ఒప్పుకున్నారట, క్లోక్ విషయంలోనూ అదే మాట. ఇప్పుడు ఫైట్ మొదలైతే రోగ్ ఆడే అతను ఫోన్ చూసుకుంటున్నాడు.

ఇంకో సంగతి, పార్టీ ఖాతాలో 9,000 గోల్డ్ పైనే మూలుగుతోంది. దాంతో ఏం చేయాలో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు.

కత్తి ఎలాగోలా తీసేయాలా? మాన్‌స్టర్లని పెంచాలా? లేక మ్యాజిక్ షాపు తెరిచి మిగతావాళ్లని కొనుక్కోమనాలా? అలాంటి టేబుల్ నడిపినవాళ్లు చెప్పండి.

డి20_దెబ్బ

రస్ట్ మాన్‌స్టర్‌ని దించు బ్రో. ఒక్క సెషన్‌లో సెట్ అయిపోద్ది.

పాతమ్యాపు

రస్ట్ మాన్‌స్టర్ తినేది మ్యాజిక్ కాని లోహాన్నే, ఐదో ఎడిషన్‌లో. కత్తికీ షీల్డుకీ ఏమీ కాదు, పోయేదల్లా అతను 1,500 గోల్డ్ పెట్టి కొనుక్కున్న ప్లేట్ ఒక్కటే. అసలు సమస్య అలాగే ఉంటుంది, పైగా ఒక మనిషికి కోపం వస్తుంది.

లెక్కల_విజార్డ్

ముందు ఒక్క విషయం చూడండి, మీ పార్టీకి లూట్ ఎక్కువేం రాలేదు. క్సనథార్స్ గైడ్ (2017లో వచ్చిన అదనపు రూల్స్ పుస్తకం) మ్యాజిక్ ఐటమ్స్‌ని మేజర్, మైనర్ అని రెండు రకాలు చేసి ఏ లెవెల్స్‌లో ఎన్ని రావాలో లెక్క ఇచ్చింది. ఒకటి నుంచి నాలుగో లెవెల్ లోపు మేజర్ 2, ఐదు నుంచి పది లోపు ఇంకో 6. మీ దగ్గర మేజర్ అనదగ్గవి కత్తి, +1 షీల్డ్, క్లోక్, మొత్తం మూడు. ఆరో లెవెల్‌కి ఇది సరిగ్గా ఉండాల్సినంతే.

గోల్డ్ కూడా అంతే. 2014 డీఎం గైడ్ ప్రకారం చిన్న లెవెల్స్‌లో ఏడు హోర్డ్‌లు వస్తాయి, ఒక్కోదాంట్లో నాణేలు సగటున 200 గోల్డ్ లోపు. ఐదో లెవెల్ దాటాక వచ్చే హోర్డ్‌లో రాగి, వెండి, ప్లాటినం అన్నీ కలిపి సగటు 3,850 దాకా పోతుంది. ఏడు చిన్నవి, రెండు పెద్దవి కలిపితే మీ 9,000 అక్కడికే వస్తుంది. అంటే పాత డీఎం పుస్తకం ప్రకారమే నడిపించాడు, డైస్ కూడా మామూలుగానే పడ్డాయి. కుదరంది పంపకం.

ఇక మాన్‌స్టర్లని పెంచడం గురించి. ఇది మాత్రం వద్దు, ఎందుకో అంకెల్లో చూపిస్తా. హిల్ జెయింట్‌కి అటాక్ +8 (20 ముఖాల డైస్ మీద పడినదానికి కలిపే అంకె). ఆర్మర్ క్లాస్ 23 ఉన్న ఫైటర్‌కి తగలాలంటే 15 పడాలి, అంటే 30 శాతం. మేజ్ ఆర్మర్ మంత్రం వేసుకున్న విజార్డ్ 15 అనుకుంటే 7 చాలు, 70 శాతం. ఇప్పుడు మీరు "ఫైటర్‌కి సగం దెబ్బలైనా తగలాలి" అని జెయింట్ అటాక్‌ని +12 చేశారనుకోండి, ఫైటర్‌కి 50 శాతం అవుతుంది సరే, విజార్డ్‌కి 90 అవుతుంది. దెబ్బకి సగటున 18 డ్యామేజ్, టర్న్‌కి రెండు దెబ్బలు. ఫైటర్‌ని కాస్త ఇబ్బంది పెట్టడానికి విజార్డ్‌ని చంపుతున్నారన్నమాట. ఆర్మర్ క్లాస్ 23కి మందు అటాక్ బోనస్ పెంచడం కాదు, సేవింగ్ త్రోలు (మంత్రం లాంటిది తప్పించుకోడానికి వేసే డైస్). హోల్డ్ పర్సన్, వెబ్ లాంటి కట్టిపడేసే మంత్రాలు, కాకపోతే పట్టుకుని కింద పడేసే జీవులు. క్లోక్ వల్ల సేవ్స్‌కి +1 వస్తుంది కానీ ఫైటర్ విజ్డమ్ సేవ్ ఎలాగూ అంతంతమాత్రం. అదీ ప్రతి ఫైట్‌లో చేస్తే కక్ష కట్టినట్టుంటుంది, అప్పుడప్పుడు చాలు.

డ్యామేజ్ వైపు చూస్తే మీ రోగ్ ఎందుకు ఫోన్ చూస్తున్నాడో తెలుస్తుంది. స్ట్రెంగ్త్ 18 అనుకుంటే కత్తి రాకముందు ఫైటర్ రెండు దెబ్బలూ తగిలితే సగటు 17. రోగ్ షార్ట్‌బో, డెక్స్ (చురుకుదనం) 18, స్నీక్ అటాక్ అదనంగా 3డి6 (ఆరు ముఖాల డైస్ మూడు), తగిలితే 18. ఇద్దరూ సమానం, ఆట డిజైన్ చేసిందీ అలాగే. ఫ్లేమ్ టంగ్ ప్రతి దెబ్బకీ 2డి6 కలుపుతుంది, ఫైటర్ 31కి వెళ్లిపోయాడు, రోగ్ 18 దగ్గరే ఉన్నాడు. ఆటలో అరటిపండు అయిపోయానని అతనికి అనిపించడంలో వింతేముంది.

మాన్‌స్టర్ల హిట్ పాయింట్లు మీ చేతిలో ఉంటాయి, కావలిస్తే పెంచుకుంటారు, తగ్గించుకుంటారు. ప్లేయర్‌కీ ప్లేయర్‌కీ మధ్య తేడా అలా కాదు, మీరు ఏ మాన్‌స్టర్‌ని దించినా అది అలాగే ఉంటుంది. బ్యాలెన్స్ అని అందరూ పార్టీకీ మాన్‌స్టర్లకీ మధ్య వెతుకుతారు కానీ టేబుల్ దగ్గర మనుషులు పోల్చుకునేది పక్క కుర్చీతో.

రెండో_వరస_రోగ్

ప్లేయర్‌గా చెప్తున్నా, కత్తి మాత్రం తీయకండి ప్లీజ్. దొంగిలించడం, విరిచేయడం, "శాపం ఉందని ఇప్పుడు తెలిసింది" అనడం, ఇవేవీ వద్దు. ఆ ఫైటర్ ఆ కత్తిని న్యాయంగా సంపాదించుకున్నాడు, దాంతో ఎన్నో ఫైట్స్ గెలిచాడు, ఇప్పుడు డీఎం మారాడని అది పోతే రేపట్నుంచి ఏ ఐటమ్ దొరికినా "ఇదెప్పుడు పోతుందో" అని చూస్తారు అందరూ. అగ్ని తగలని మాన్‌స్టర్లని వరసగా దించడం కూడా అంతే, రెండోసారికే దొరికిపోతారు.

ఇంకోటి, రోగ్‌కి కూడా డ్యామేజ్ ఐటమ్ ఇచ్చేసి చేతులు దులుపుకోకండి. +1 షార్ట్‌బో ఇస్తే నా 18 కాస్తా 19 అవుతుంది, అంతే కదా, ఎవరికి కావాలది? నా పాత టేబుల్లో స్లిప్పర్స్ ఆఫ్ స్పైడర్ క్లైంబింగ్ దొరికాయి, గోడలెక్కి కప్పు మీద నడుస్తూ నేను చేసినవి ఫైటర్ ఏ కత్తితోనూ చేయలేడు. అతను కొట్టేది ఎంతో నేను లెక్కపెట్టడమే మానేశా. గ్లవ్స్ ఆఫ్ థీవరీ కూడా బాగుంటాయి, అట్యూన్‌మెంట్ (ఐటమ్‌తో ముడిపడటం, ఒకరికి మూడింటితోనే) అక్కర్లేదు, తాళాలకీ చేతివాటానికీ +5. వాళ్లు చేయలేనిది నేను చేయగలిగేలా ఇవ్వండి చాలు.

లెక్కల_విజార్డ్

పైన చెప్పింది నిజం, నేను అంకెల్లో పడి అది వదిలేశా. విజార్డ్‌కీ క్లెరిక్‌కీ అయితే పెర్ల్ ఆఫ్ పవర్ చూడండి. ఆరో లెవెల్ విజార్డ్‌కి మూడో లెవెల్ స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) మూడే, ముత్యం ఉంటే రోజుకి ఇంకో ఫైర్‌బాల్, సగటు 28 డ్యామేజ్, అదీ ఒక గుంపు మొత్తానికి. అన్‌కామన్ ఐటమే, అంటే రేర్ కన్నా కింది మెట్టు. కత్తికి దీటుగా నిలుస్తుంది.

రేరిటీ చూసి మాత్రం మోసపోవద్దు. బ్రూమ్ ఆఫ్ ఫ్లయింగ్ కూడా అన్‌కామన్ అనే రాసుంటుంది, అట్యూన్‌మెంట్ లేకుండా 50 అడుగుల వేగంతో ఎగరొచ్చు. దాన్ని ఎవరికైనా ఇచ్చారంటే మీరు ప్లాన్ చేసుకున్న గోతులూ గోడలూ వంతెనలూ అన్నీ ఆ రోజుతో సరి. ఆర్మర్‌కి +1 మాత్రం రేర్. ఈ పేర్లు ఎవరు ఏ మూడ్‌లో పెట్టారో.

కొత్త_కుర్చీ

అబ్బ, పంపకం అన్న మాట నాకు తట్టనేలేదు. అంటే ఇకపై టేబుల్ మీద డైస్ వేయకుండా నేనే ఎంచి పెట్టాలన్నమాట. అది మోసం చేసినట్టు అనిపించదా? మా వాళ్లకి డైస్ పడిందే వస్తుందన్న నమ్మకం ఉంది, దాన్ని ఇష్టపడతారు కూడా.

ఇంకా గోల్డ్ సంగతి ఎవరూ చెప్పలేదు. షాపు పెట్టనా వద్దా?

పాతమ్యాపు

డైస్ ఇష్టమైతే డైస్ వెయ్యి తమ్ముడూ, టేబుల్ నువ్వు రాసుకో. రోగ్, విజార్డ్, క్లెరిక్, బార్డ్ నలుగురికీ పనికొచ్చేవి రెండేసి, ఎవరైనా వాడగలిగేవి నాలుగు, మొత్తం పన్నెండు రాసి డి12 (12 ముఖాల డైస్) వెయ్యి. ఏది పడ్డా పనికొచ్చేదే పడుతుంది. నీకు కూడా ఏం పడుతుందో తెలీదు కాబట్టి మోసం ఎక్కడుంది? వాడేసిన వరుసని కొట్టేసి కొత్తది రాసుకుంటూ పో.

గోల్డ్ విషయానికొస్తే, ఇది ఐదో ఎడిషన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. పాత రోజుల్లో గోల్డే ఎక్స్‌పీరియన్స్ (లెవెల్ పెంచే ఎక్స్‌పీ పాయింట్లు). 1981 బేసిక్ రూల్స్‌లో సురక్షితంగా బయటికి తెచ్చిన ప్రతి గోల్డ్ నాణేనికీ ఒక ఎక్స్‌పీ, థీఫ్ రెండో లెవెల్‌కి 1,200 కావాలి, ఫైటర్‌కి 2,000. మాన్‌స్టర్ని చంపితే వచ్చేది దాని ముందు చిల్లర. అందుకే అప్పట్లో ఫైట్ తప్పించుకుని డబ్బు కొట్టేయడమే తెలివైన ఆట. అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో లెవెల్ పెరగాలంటే ట్రైనింగ్‌కి మళ్లీ గోల్డ్ కట్టాలి, వారానికి లెవెల్‌కి 1,500 చొప్పున. ఇటు వచ్చింది అటు పోయేది. ఇప్పుడు ఆ రెండు గొట్టాలూ కోసేశారు, హోర్డ్‌లు మాత్రం అలాగే వస్తున్నాయి. ప్లేట్ ఆర్మర్ కొన్నాక పుస్తకంలో కొనడానికి ఏముంది, తాడూ కాగడాలూ తప్ప.

కాబట్టి డబ్బు ఎటు పోవాలో నువ్వే చూపించాలి. 2014 గైడ్‌లోనే ఉన్నాయి కానీ ఎవరూ ఆ పేజీ తెరవరు: గిల్డ్‌హాల్ కట్టాలంటే 5,000, కోట బురుజు 15,000, చిన్న కోట 50,000. సముద్రం ఉన్న క్యాంపెయిన్ అయితే సెయిలింగ్ షిప్ 10,000, మీవాళ్ల దగ్గర 9,000 ఉంది, ఇంకో వెయ్యి కోసం ఏం చేస్తారో చూడు. నా టేబుల్లో అయితే డబ్బు ఖర్చు పెడితేనే ఎక్స్‌పీ, అదీ సాహసానికి పనికిరాని వాటి మీద: గుడి కట్టించడం, అప్పు తీర్చడం, జల్సా. ఆయుధాల మీద పెడితే సున్నా. ఒక్క రూలుతో మనుషుల క్యారెక్టర్ బయటపడిపోతుంది.

ఇంకో ప్రశ్న. ఆ 9,000 నాణేలు ఎవరు మోస్తున్నారు? 50 నాణేలకి ఒక పౌండు. 180 పౌండ్లు. స్ట్రెంగ్త్ 18 ఉన్న ఫైటర్ మోయగలిగేదే 270, ప్లేట్ ఒక్కటే 65. బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ (ఎంతో పట్టే మ్యాజిక్ సంచి) ఉందా? లేకపోతే ఆ డబ్బు ఎక్కడో ఒకచోట దాచి ఉండాలి, దాచారంటే దానికొక తాళం, ఒక కాపలా, ఒక దొంగ.

డి20_దెబ్బ

బరువు లెక్కలు ఎవరు చూస్తారు అన్నా ఈ రోజుల్లో 😂

పాతమ్యాపు

చూడనివాళ్లే తర్వాత "గోల్డ్‌కి విలువ లేదు" అని పోస్టులు పెడతారు.

రూన్_చెక్కినవాడు

వేరే సిస్టమ్ నుంచి ఒక మాట, కొట్టకండి. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ప్రతి లెవెల్‌కీ ఎంత ట్రెజర్ ఇవ్వాలో టేబుల్ ఉంటుంది, నలుగురి పార్టీకి మొదటి లెవెల్ మొత్తం మీద 175 గోల్డ్ విలువైనది, ఐటమ్స్ కూడా అందులోనే. ఐదో మనిషి ఉంటే ఎంత కలపాలో కూడా చెప్తుంది. ఐటమ్ అమ్మితే సగం ధర, దాంతో పనికిరానిది దొరికినా పూర్తిగా వృథా కాదు. ఆయుధం పవర్ అంతా దాని మీది రూన్‌లో (చెక్కిన మంత్రాక్షరంలో) ఉంటుంది, రూన్‌ని ఒక కత్తి నుంచి ఇంకోదానికి మార్చుకోవచ్చు, కాబట్టి తాత కత్తి వదిలేయాల్సిన బాధ లేదు. ఈ లెక్కలే వద్దనుకుంటే 2020 గేమ్‌మాస్టరీ గైడ్‌లో ఆటోమేటిక్ బోనస్ ప్రోగ్రెషన్ అని ఆప్షన్ ఉంది, +1లు అవీ లెవెల్‌తోపాటు వాటంతటవే వస్తాయి, ఐటమ్స్ అన్నీ సరదా కోసమే మిగులుతాయి.

అయితే ఒక హెచ్చరిక. అక్కడ మాన్‌స్టర్ల లెక్క ప్లేయర్ల దగ్గర ఆ బోనస్‌లు ఉంటాయనే వేసుంటుంది, ఐదో ఎడిషన్‌లో మాన్‌స్టర్ల లెక్కలో మ్యాజిక్ ఐటమ్స్ లేవు. అందుకే మీకు ప్రతి +1 అదనపు లాభమే. ఆ పద్ధతిని ఐదో ఎడిషన్‌కి తెచ్చి అందరికీ బోనస్‌లు పంచితే ఇంకా చెడుతుంది. నాకు నచ్చే పద్ధతి నాలుగో ఎడిషన్ (2008) నుంచి: ప్లేయర్ల దగ్గర విష్‌లిస్ట్ తీసుకోవడం. ఒక్కొక్కరూ మూడు ఐటమ్స్ రాసి ఇవ్వాలి. అన్నీ ఇవ్వక్కర్లేదు, అడిగిందే ఇవ్వక్కర్లేదు, వాళ్లకి ఏం చేయాలనుందో మాత్రం తెలుస్తుంది.

లెక్కల_విజార్డ్

షాపు గురించి నాది గట్టి అభిప్రాయం. పెట్టొద్దు, కనీసం కేటలాగ్ ఇచ్చే షాపు వద్దు. 2014 ధరలు చూస్తే రేర్ 501 నుంచి 5,000 వరకు అని ఉంటుంది, అది ధర కాదు, ఊహ. 2024 గైడ్‌లో ఖాయం చేశారు: అన్‌కామన్ 400, రేర్ 4,000, వెరీ రేర్ 40,000. మీ పార్టీ దగ్గర 9,000. అంటే షాపు తెరిచిన రోజే 22 అన్‌కామన్ ఐటమ్స్ కొనగలరు. ఐదుగురికి తలా నాలుగు, ఇంకా రెండు మిగిలాయి. ఒక్క ఫైటర్ సమస్య కాస్తా ఐదుగురు ఫైటర్ల సమస్య అవుతుంది.

బదులుగా అమ్మే మనిషిని వెతికించండి. క్సనథార్స్‌లో డౌన్‌టైమ్ (సాహసాల మధ్య ఖాళీ సమయం) రూల్ ఉంది: ఒక పనివారం, కనీసం 100 గోల్డ్ ఖర్చు, పర్సుయేషన్ చెక్ (ఒప్పించగలరా అని వేసే డైస్), ఆ వచ్చిన అంకెని బట్టి మీరు చూపించే లిస్ట్. దొరికేవి రెండో మూడో. ఏది కొనాలని వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు, ఆ సీన్ ఫైట్ కంటే బాగుంటుంది.

రెండో_వరస_రోగ్

షాపు మీద నేను ఒప్పుకోను. మా టేబుల్లో చిన్న షాపు ఉండేది, పోషన్లూ స్క్రోల్సూ మాత్రమే, వాడితే అయిపోయేవి. ఏమీ చెడలేదు. 50 గోల్డ్ హీలింగ్ పోషన్లు పది కొంటే 500 పోతాయి, రెండు డంజన్లలో అన్నీ తాగేస్తారు. క్లెరిక్ దగ్గర రివివిఫై (చనిపోయినవాళ్లని లేపే మంత్రం) ఉంటే ఒక్కోసారికి 300 గోల్డ్ వజ్రం, అదీ ఖర్చే. విజార్డ్ స్పెల్‌బుక్‌లో కొత్త స్పెల్ రాసుకోవాలంటే స్పెల్ లెవెల్‌కి 50. ఇవి అమ్మండి, ఎప్పటికీ ఉండిపోయే ఐటమ్స్ మాత్రం డంజన్‌లోనే దొరకనివ్వండి.

లెక్కల_విజార్డ్

వాడితే అయిపోయేవైతే సరే. అది షాపు అనుకోలేదు నేను, మందుల కొట్టు అనుకున్నా.

కొత్త_కుర్చీ

చాలా థ్యాంక్స్ అందరికీ. ఇలా చేద్దామనుకుంటున్నా: కత్తి ముట్టుకోను. విష్‌లిస్ట్‌లు అడుగుతా, వాటి నుంచి పాతమ్యాపు గారు చెప్పిన డి12 టేబుల్ రాసుకుంటా. పోషన్ల కొట్టు ఒకటి. గిల్డ్‌హాల్ ఆశ చూపిస్తా, మావాళ్లలో విజార్డ్‌కి లైబ్రరీ పిచ్చి ఉంది. క్లోక్ ఒక్కటి ఫైటర్ తనంతట తానే విజార్డ్‌కి ఇస్తే బాగుండు, కానీ నేను అడిగితే బాగోదు.

పాతమ్యాపు

అడగక్కర్లేదు. అతని అట్యూన్‌మెంట్ స్లాట్లు మూడు, కత్తి, క్లోక్ రెండు తినేశాయి, షీల్డ్‌కి అక్కర్లేదు. అతనికి ఆశ పుట్టేవి అట్యూన్‌మెంట్ ఉన్నవి రెండు టేబుల్లో పెట్టు, డ్యామేజ్‌కి సంబంధం లేనివి, నీళ్లలో ఊపిరి ఆడేదో గోడ ఎక్కించేదో. రెండోది దొరికిన రోజు ఏదో ఒకటి వదలాలి, కత్తి వదలడు.

రూన్_చెక్కినవాడు

ఎవరూ అడగలేదు కానీ, ఆ బార్డ్ పాత డీఎం కదా? ముందున్న హోర్డ్‌లు ఏ గదిలో ఏవి ఉన్నాయో అతనికి తెలుసు. మంచివాడే కావచ్చు, పాపం తెలిసింది తెలియనట్టు నటించడం ఇంకా కష్టం. తను రాసిపెట్టుకున్న నోట్స్ అడిగి తీసుకోండి, ట్రెజర్ వరకైనా అన్నీ అటూ ఇటూ మార్చేయండి, మార్చానని అతనికి చెప్పేయండి కూడా. అప్పుడు అతను హాయిగా ఆడతాడు.

కొత్త_కుర్చీ

అయ్యో, ఇది అస్సలు తట్టలేదు. వచ్చే సెషన్లో వాళ్లు తెరవబోయే పెట్టె అతను పెట్టిందే. ఇవాళే మెసేజ్ పెడతా.